చూసిన, విన్న, అనుకున్న

మంగళవారం పొద్దున మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మన నల్లా సాబ్ ఇగ లేరు. పొద్దుగాల నిద్రలనే పోయిండ్రు." దాని కిందనే, రెండు నిమిషాల తేడాతో, వెనక గల్లీ నుంచి ఎవరో అడిగారు: "ఇయ్యాల నీళ్లు ఎన్నింటికి ఇడుస్తరు?" పై మెసేజ్ చూడకుండా టైపు చేసిన ప్రశ్న అది. ఎవరూ తప్పు పట్టలేదు. సంతోష్‌నగర్‌లోని మా నాలుగు గల్లీల్లో ఆ ప్రశ్నకు ఇన్నేళ్లుగా జవాబు చెప్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా జనం ఆయననే అడిగేవారు. ఆయన డ్యూటీలో ఉన్న లైన్‌మన్‌కు ఫోన్ చేసి, కనుక్కుని, టైము చెప్పేవాడు.

నీళ్ల శాఖలో ఆయన లైన్‌మన్. నల్లాలకు నీళ్లు వదిలే వాల్వులు తిప్పడం, లీకేజీలు పట్టడం ఆయన పని. అందుకే ఆ పేరు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ చాలామంది పోయినప్పుడు నివాళులు రాశాను. వాటికీ దీనికీ ఒక తేడా ఉంది. ఒకప్పుడు ఆయన గురించి పేపర్లో నేను ఒక తప్పు రాశాను. సరిచేయమని ఆయన అడిగాడు. ఆయన బతికుండగా నేను ఆ పని చేయలేదు.

ఆయన దగ్గర ఒక ఇనుప రాడ్ ఉండేది. నిలబెడితే భుజం దాకా వస్తుంది. ఒక కొసకు కట్టెతో చేసిన చిన్న బిళ్ల. ఇనుప కొసను రోడ్డు మీద ఆనించి, కట్టె బిళ్లకు చెవి పెడితే భూమి లోపల పైపు ఎక్కడ కారుతోందో వినిపిస్తుంది. బండ్లు తిరగడం మొదలైతే ఏమీ వినపడదు. అందుకే తెల్లవారకముందే, నీళ్లు వదిలిన కాసేపటికి, ఆయన ఆ రాడ్ పట్టుకుని గల్లీల్లో పది అడుగులకోసారి ఆగుతూ నడిచేవాడు. కొత్తగా చూసినవాళ్లు రోడ్డుకు డాక్టరు వచ్చాడా అని నవ్వేవారు.

ఒక పొద్దున నాకూ ఆ రాడ్ ఇచ్చాడు.

"ఏమన్నా ఇనొస్తుందా?"

"ఏం లేదన్నా."

"రిపోర్టర్‌వి గద. ముందు నోరు బంద్ జెయ్యి, ఇనొస్తది."

నోరు మూసుకున్నాను. మొదట నా చెవిలో నా రక్తం చప్పుడే వినిపించింది. తర్వాత దాని వెనక నుంచి సన్నటి చప్పుడు, వేడి పెనం మీద చుక్కలు ఆగకుండా పడుతున్నట్టు. ఆయన నన్ను నాలుగడుగులు ముందుకు జరిపాడు. చప్పుడు చిక్కబడింది. ఇంకో రెండడుగులు. మళ్లీ పలచబడింది. "వెనుకకు రా. గా జాగనే" అన్నాడు. మధ్యాహ్నం అక్కడ తవ్వితే మోకాటి లోతులో పైపు పగిలి ఉంది. నేను ఆ రోడ్డు మీద ఏళ్ల తరబడి నడిచాను. నా కాళ్ల కింద ఒక వాగు పారుతోందని ఆ రోజే తెలిసింది.

"ఇప్పుడు చెవిని గట్లనే ఉంచు. రాడ్ తీసి తల గా వేపచెట్టు దిక్కు తిప్పు" అన్నాడు. తిప్పాను. అప్పటిదాకా కాకులు, పావురాలు తప్ప వేరే పిట్ట లేదనుకున్న మా గల్లీలో ఆ నిమిషం నాకు ఆరు రకాల గొంతులు వినిపించాయి. ఆయన తొమ్మిది చెప్పాడు.

ఆయన ఫిర్యాదుల పుస్తకంలో ప్రతి పేజీకి రెండు నిలువు గీతలు, మూడు గడులు ఉండేవి. చూసిన. విన్న. అనుకున్న. నీళ్లు రోడ్డు మీదికి వస్తే మొదటి గడి. రాడ్‌కు చప్పుడు అందితే రెండో గడి. రెండూ లేకుండా, ఆ ఇంటికి నీళ్లు తక్కువ వస్తున్నాయి కనుక ఇక్కడే ఉండొచ్చని తోస్తే మూడోది. మూడో గడిలో రాసినదాన్ని ఆయన అలాగే వదిలేవాడు కాదు. తర్వాత నిజమని తేలితే పక్కన టిక్కు, కాదని తేలితే అడ్డగీత పెట్టేవాడు. శాఖ పెట్టిన పద్ధతి కాదది, ఆయన సొంతం. ఎందుకని అడిగితే చెప్పాడు: "తప్పు జాగల తవ్వినమనుకో, గా గల్లీకి రెండు రోజులు నీళ్లు బంద్. తర్వాత సారీ అంటే రోడ్డు అతుక్కోదు తమ్మీ."

అదే పుస్తకాన్ని వెనక అట్ట నుంచి తిప్పితే అందులో పిట్టలు ఉండేవి. అవే మూడు గడులు.

చాంద్రాయణగుట్ట వైపు ఒక ఎత్తయిన నీళ్ల టాంకీ మీద చలికాలంలో షాహీన్ డేగ వచ్చి కూర్చునేది. ఆయనకు ఆ పక్క డ్యూటీ పడినప్పుడు నన్నూ తీసుకుపోయాడు. కింద ఫ్లైఓవర్ మీద బస్సులు, వాటి హారన్లు. పైన ఆ డేగ ఒక రాయిలా ఉంది. కదిలినప్పుడు నాకు కనిపించింది ఒక గీత మాత్రమే. ఆకాశంలో తిరుగుతున్న పావురాల గుంపు ఒక్కసారిగా చీలిపోయింది. ఊపిరి పీల్చేలోపు అంతా అయిపోయింది. అంత వేగంగా కదిలే ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

పక్క మిద్దె మీద పావురాలు పెంచే ఒకాయన జెండా కర్ర పట్టుకుని మా వైపు అరిచాడు. "ఏం నల్లా సాబ్, మీ టాంకీ మీద మా దుష్మన్‌ను సాకుతున్నరా?"

"సాకుతలేం భాయ్. రాసుకుంటున్నం."

"రాసుకో, రాసుకో. మా సఫేద్ కబూతర్‌ను ఎత్కపోయింది, అది గూడ రాసుకో."

ఆయన నిజంగానే రాశాడు. షాహీన్ మొదటి గడిలో పడింది. తెల్ల పావురం రెండో గడిలో పడింది. అదేంటన్నా అంటే, "అది పోయిందని గాయన చెప్పిండు. నేను చూడలే గద" అన్నాడు.

మీర్ ఆలం చెరువు మీద ఎర్రకాళ్ల కొంగలు ఎన్ని దిగాయో, బేగంబజార్ గోదాముల్లో చూరు కింద తెల్ల గుడ్లగూబ ఎప్పుడు పిల్లలు చేసిందో, అన్నీ ఆ వెనక పేజీల్లో ఉన్నాయి. నగరంలో పిట్టల జాబితా తయారుచేసే కొందరు ఏటా ఆయన దగ్గరికి వచ్చి ఆ పేజీలు ఫొటో తీసుకుపోయేవారు. వచ్చే ముందు రోజు వదిన, అంటే ఆయన భార్య, ఇల్లు కడిగి ఉంచేది. చర్చికి కట్టుకునే చీర కట్టుకునేది. తన మనిషి జీతం కోసం కాకుండా చేసిన పని చూడటానికి బయటివాళ్లు ఇంటికి రావడం ఆమెకు పండగ.

రెండో గడిలో ఒక వాక్యం ఏటా వచ్చేది, తొలకరి రోజుల్లో. "రిజర్వాయర్ కాంపౌండ్. రెండు ఈలలు. పేరు తెల్వది." మా ఇళ్లకు దగ్గరలోనే ఉన్న నీళ్ల టాంకీ కాంపౌండ్ అది. గోడ లోపల తుమ్మ, కానుగ, సుబాబుల్ అడవిలా పెరిగి ఉంటాయి. వాల్వు తిప్పడానికి పోయినప్పుడు తెల్లవారుజామున ఆ పొదల్లోంచి ఎవరో మనిషి పిలిచినట్టు రెండు ఈలలు వినిపించేవట. పోయి చూస్తే ఏమీ ఉండదు. రెండు మూడు రోజులే. తర్వాత ఏడాది దాకా ఉండదు.

ఒక ఆదివారం మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పిట్టల గొంతుల రికార్డింగులు ఒక్కొక్కటే వినిపించాను. టీ చల్లారిపోయింది. ఇరవై దాకా అయ్యాక ఒకదానికి చెయ్యెత్తాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను.

అది పొన్నంగి పిట్ట. ఉర్దూలో నౌరంగ్ అంటారు. గోరింకంత కూడా ఉండదు. తోక ఉండీ లేనట్టు ఉంటుంది. పగలంతా నేల మీద గెంతుతూ ఎండుటాకులు తిరగేసుకుంటూ బతుకుతుంది. చలికాలం దక్షిణాది అడవుల్లో గడిపి, వానలతో పాటు ఉత్తరానికి, హిమాలయాల పాదాల దాకా పోతుంది. రాత్రుళ్లు ఎగురుతుంది, పగలు ఎక్కడ చెట్లు దొరికితే అక్కడ దిగుతుంది. మన ఊరు దానికి దారిలో ఒక మజిలీ.

చదివి వినిపిస్తుంటే ఆయన మధ్యలో ఆపాడు. "నడిచే పిట్ట గద అన్నవు?"

"అవునన్నా."

"నడిచే పిట్ట హిమాలయాల దాక పోతది?"

"పోతదట."

"మన టాంకీ కాడ దిగుతుంది తమ్మీ. అంత దూరం పొయ్యేది, మన టాంకీ కాడ దిగుతుంది" అన్నాడు. ఇంకో టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్లిపోయాడు. పాత పేజీలన్నిటిలో "పేరు తెల్వది" పక్కన "నౌరంగ్" అని ఆ సాయంత్రమే రాసుకున్నాడని తర్వాత తెలిసింది.

నేను దాని మీద ఒక కథనం రాశాను. అందులో తొలకరి తెల్లవారుజామున నౌరంగ్‌ను ఆయన కళ్లారా చూశాడని రాశాను. విన్నాడని రాస్తే కథనం నిలబడదనిపించింది. రిపోర్టర్‌గా నాకు ఈ రెంటికీ తేడా తెలియదని చెప్పుకోలేను.

మర్నాడు పేపరు మడిచి పట్టుకుని మా గడపలోకి వచ్చాడు.

"తమ్మీ, గిది నేనేనా?"

"నువ్వేనన్నా. బాగలేదా?"

"బాగనే ఉంది. గని నేను చూసినట్టు రాసినవు."

"విన్నవు గదన్నా. పిట్టయితే అదే గద. ఒకటేనాయె."

"లీకేజీ ఇన్ననంటే గడ్డపార తెస్తరు. చూసినంటే గడ్డపార ఎందుకు, నీళ్లు రోడ్డు మీదనే ఉంటయి. రెండు ఒకటెట్ల అయితయి?"

సవరణ వేయిస్తానన్నాను. సరేనని వెళ్లాడు. ఆఫీసులో అడిగితే డెస్కులో ఒకాయన, "పేరు తప్పు పడిందా, వయసు తప్పు పడిందా? పిట్టకు సవరణ ఏంటండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్లీ అడగలేదు.

ఆ వారం జాబితావాళ్లు కెమెరాలతో వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఒకతను అడిగాడు: "పొట్ట కింద ఏ రంగు ఉంది అంకుల్?"

"నేను చూడలే బాబు. ఇన్న."

"పేపర్లో చూసిన్రని ఉంది కదా?"

"పేపరాయన రాసిండు."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు, పేపరాయన నేనేనని వాళ్లకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఆ ఏడాది జాబితాలో ఆయన రాసిన ఒక్క పిట్టా లేదు. షాహీన్ లేదు, గుడ్లగూబ లేదు, కొంగలు లేవు. మరుసటి ఏడాది ఎవరూ రాలేదు. "నీ ఒక్క మాటకు ఇరువై ఏండ్ల రాత అబద్ధమైపాయె" అని వదిన ఒక్కసారే అంది, చాయ్ కప్పు నా ముందు పెడుతూ. ఆయన మాత్రం రాయడం మానలేదు.

రిటైరైన కొన్నేళ్లకు రెండో గడి పలచబడటం మొదలైంది. మొదట సన్నగొంతు పిట్టలు పోయాయి. తర్వాత ఇంకొన్ని. ఒక పొద్దున నన్ను గోడ దగ్గరికి పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

"తమ్మీ, సచ్ చెప్పు. పిట్టలు పోయినయా, నా చెవి పోయిందా?"

వాళ్ల మందార మీద తేనెపిట్ట ఒకటి గొంతు చించుకుంటోంది. చూపించాను. దాని ముక్కు తెరుచుకోవడం, గొంతు వణకడం ఆయన కన్నార్పకుండా చూశాడు. పిట్ట పాడుతూనే ఉంది, నా మాటలు వినిపిస్తున్న ఆయనకు ఆ సన్నగొంతు ఒక్క చుక్క కూడా అందడం లేదు. రోడ్డు కింద నీటిధారను విన్న చెవి అది. ఏం అంటాడోనని నేను భయపడ్డాను.

"అయితే ఫికర్ లేదు. పిట్టలున్నయి" అన్నాడు. ముఖం తేటపడింది. చెవి పోయినందుకు కాదు, ఆయన ఇన్ని నెలలు దిగులుపడింది పిట్టల గురించి.

పోయిన తొలకరికి బేగంబజార్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. స్టీలు సామాన్లు అమ్మే సేట్, పాత పరిచయం. "భాయ్ సాబ్, మా దుకాన్ల ఒక రంగురంగుల పక్షి పడ్డది. ఎగుర్తలేదు. ఫొటోగ్రాఫర్‌ను తెస్తవా?" రంగులేమిటని అడిగాను. ఆయన చెబుతుంటే పిట్ట ఏదో తెలిసిపోయింది. ఫొటోగ్రాఫర్‌కు కాకుండా అన్నకు ఫోన్ చేశాను.

గ్లాసులు వచ్చిన అట్టపెట్టెలో ఉంది అది. దుకాణం ముందు నిలబెట్టిన పెద్ద స్టీలు పళ్లెం, పరాత్‌లో తన నీడ చూసుకుని గుద్దుకుందట. "మా స్టీలు ఎంత మెరుస్తదో గిరాకీకి తెల్వది, పక్షికి ఎర్కయింది" అన్నాడు సేట్. అన్న నేల మీద కూర్చుని పెట్టె మూత ఒక వేలు మందం తెరిచాడు. హమాలీలు మూటలతో ఆయన్ను దాటుకుంటూ పోతున్నారు. ఆయన కదల్లేదు.

ఆకుపచ్చ వీపు. భుజం మీద మెరిసే నీలం. కంటి మీదుగా నల్ల పట్టీ, దానిపైన తెల్ల గీత. గంధం రంగు రొమ్ము. తోక కింద కుంకుమ ఎరుపు. లేత గులాబీ కాళ్లు. అది నల్లటి కన్నుతో పైకి చూసింది, ఆయన కిందికి చూశాడు. ఎంతసేపో నాకు తెలియదు. నేను గడియారం చూడలేదు.

చివరికి తలెత్తి, "నౌ అంటే తొమ్మిది గద సేట్. నాకు ఏడే లెక్కకొచ్చినయి" అన్నాడు.

"రెండు డిస్కౌంట్ అనుకో అన్నా" అన్నాడు సేట్.

పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో సంతోష్‌నగర్ దాకా వచ్చాడు. దారిలో ఒకసారి, పాత అలవాటు కొద్దీ, అట్టకు చెవి ఆనించాడు. వెంటనే తల తీసేసి అరచేయి పెట్టాడు. తర్వాత నా చేయి లాగి తన చేయి పక్కన పెట్టాడు. అట్ట కింద ఆ పిట్ట గుండె కొట్టుకుంటోంది. లెక్కపెట్టలేనంత వేగంగా. అంత చిన్న గుండె కొండల దాకా పోవాలి. మేమిద్దరం ఇంటిదాకా చేయి తీయలేదు.

రిజర్వాయర్ కాంపౌండ్‌లో పొద్దు వాలుతుండగా పెట్టెను పక్కకు వంచాడు. పిట్ట గడప దాటినట్టు బయటికి వచ్చి నిలబడింది. రెండు గెంతులు వేసి ఒక ఎండుటాకు తిరగేసింది. కానుగ పొద కిందికి పోయింది. మేం కదలకుండా కూర్చున్నాం. చీకటి పడేముందు అది తల వెనక్కి వంచింది. రెండు ఈలలు. మనిషి పిలిచినట్టే.

ఆయన నా వైపు తిరిగాడు. "పిలిచిందా?"

"పిలిచిందన్నా."

"రెండేనా?"

"రెండే."

జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. నేను ఉత్సాహం కొద్దీ అన్నాను: "ఇప్పుడు చూసినవు గదన్నా. మళ్లీ రాస్తా. ఈసారి ఎవ్వరు అనుమానపడరు."

"గిది వేరే పిట్ట తమ్మీ. గప్పటిది ఇన్నదే. మొదలు దాన్ని సరిజెయ్యి."

ఇన్నేళ్లలో ఆయన రెండోసారి అడగడం అదే. తప్పకుండా అన్నాను. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. మంగళవారం ఆ మెసేజ్ వచ్చింది.

బుధవారం సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక, ఇక దీన్ని రాయాలని నిశ్చయించుకున్నాను. సంతోష్‌నగర్ రిజర్వాయర్ కాంపౌండ్‌లో పొన్నంగి పిట్టను ఆయన చూశాడని కొన్నేళ్ల కిందట నేను రాసింది తప్పు. ఆయన విన్నాడు. చూశానని ఆయన ఎన్నడూ అనలేదు. పొరపాటు పూర్తిగా నాది. ఆయన పుస్తకంలో ఒక గడిలో ఉండాల్సింది ఇంకో గడిలో నాకు ఒక్కటీ కనిపించలేదు. నగరం పిట్టల జాబితా రాసేవాళ్లు ఇది చదివితే, ఆ పేజీలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. వచ్చి చూడండి.

ఆ పుస్తకం తోట నుంచి వచ్చాక వదిన ఇచ్చింది. "నీకైతే సదువొస్తది" అని మాత్రం అంది. ఇంటికొచ్చి వెనక అట్ట నుంచి తిప్పాను. ఆ కథనం ముక్క ఒక పేజీలో అంటించి ఉంది. కింద ఎర్ర సిరాతో, "తప్పు. వినుడే. చూసుడు లేదు." ఇంకా తిప్పాను. ఆ తొలకరి సాయంత్రం పేజీ దొరికింది.

నౌరంగ్, ఒకటి. చూసిన గడిలో, "నేను." విన్న గడిలో, "నేను కాదు. తమ్ముడు విన్నడు. రెండు ఈలలు."

అనుకున్న గడిలో, "పోయి చేరుతది."

ఆ పుస్తకంలో మూడో గడిలో రాసిన ప్రతిదాని పక్కనా టిక్కో అడ్డగీతో ఉంది. దీని పక్కన ఏదీ లేదు. ఆయన పెన్ను పుస్తకం కుట్టు మధ్యలోనే ఉంది. కిటికీ అవతల ఎవరో నీళ్లు వచ్చాయని కేకేశారు, గల్లీలో నల్లాలన్నీ ఒక్కసారిగా బిందెల్లో మోగడం మొదలైంది. పెన్ను మూత తీయకుండా, ఆ గడిని అలాగే ఉంచి పుస్తకం మూశాను.